తాళం వేసిన ఇంటి లెక్క

శ్రోతలందరికీ నమస్కారం.

పలాస వైపు జీడిపిక్కల బేరం ఎప్పుడైనా చూశారా? 80 కేజీల బస్తాలు వరసగా పేర్చి ఉంటాయి. కొనేవాడు నాలుగైదు బస్తాల్లో పైనుంచి, అడుగునుంచి గుప్పెడేసి తీసి, కత్తితో ఒక్కో పిక్కనీ కోసి చూస్తాడు. పప్పు తెల్లగా ఉందా, ముడుచుకుపోయిందా, పుచ్చిందా? కాసిని పిక్కలు కోసేసరికి ధర చెప్పేస్తాడు. 10 బస్తాలున్నా 100 బస్తాలున్నా కోసేవి దాదాపు అన్నే.

ఆర్థిక సర్వేలు నడిచేదీ ఇలాగే. కుటుంబాల నెల ఖర్చు తెలుసుకోవడానికి 2023-24లో జాతీయ నమూనా సర్వే వాళ్లు దేశం మొత్తమ్మీద అడిగింది 2,61,953 ఇళ్లలో. “ఇంత దేశానికి ఇంతేనా? మా ఇంటికెవరూ రాలేదే!” అంటారు చాలామంది. రాకపోతే లోపమేమీ లేదు. పద్ధతిగా ఏరిన 100 ఇళ్లని అడిగితే వచ్చే శాతం అటూ ఇటూ 10 దాకా తప్పొచ్చు. 400 ఇళ్లయితే 5, 1,600 అయితే రెండున్నర. అంటే తప్పు సగమవ్వాలంటే ఇళ్లు నాలుగింతలు కావాలి. ఖర్చూ నాలుగింతలే. అయితే దేశానికి సరిపోయే నమూనాలో శ్రీకాకుళం వాటాకి వచ్చేవి కొద్ది ఊళ్లే. వాటిని పట్టుకుని జిల్లా గురించి గట్టిగా మాట్లాడేవాళ్లని నేనైతే నమ్మను.

నా గొడవ మాత్రం ఇళ్ల సంఖ్యతో కాదు, తాళాలతో.

ఉద్దానంలో మా వీధిలో 11 ఇళ్లుంటే నాలుగింటికి తాళమే. ఒకాయన హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు, ఒక కుటుంబం చెన్నైలో ఉంది. సంక్రాంతికి కనిపిస్తారు. సర్వేలో అలాంటి ఇల్లు పడిందనుకోండి, వచ్చినాయన ఒకటికి రెండుసార్లు తిరిగి, చివరికి దాని బదులు ఇంకో ఇంటిని అడుగుతాడు. అక్కడ ఉండేదెవరు? ఊళ్లోనే ఉండగలిగినవాళ్లు. పింఛను మీద బతికే ముసలమ్మో, ఎకరం తోట ఉన్న రైతో. ఫారాలన్నీ నిండుతాయి, వలసపోయినవాళ్ల బతుకు మాత్రం లెక్కలోంచి జారిపోతుంది. ఇలా అడిగే ఇళ్ల సంఖ్యని ఎన్ని లక్షలకి పెంచితే ఏం లాభం? బేరగాడికి తెరవనివ్వని బస్తాలో ఏముందో పక్క బస్తా చెప్పదు కదా.

బ్రిటన్‌లో ఈ చిక్కు ముదిరింది. ఉద్యోగాల సర్వేకి జవాబిచ్చే ఇళ్లు 100కి 20 లోపుకి పడిపోయేసరికి, 2023 అక్టోబరులో అక్కడి గణాంక కార్యాలయం ఆ అంకెలు విడుదల చేయడమే కొన్నాళ్లు ఆపేసింది.

తలుపు తీసినా అన్నీ చెబుతారని లేదు. మా పిన్ని ఇంటికి సర్వే ఆయన వచ్చినప్పుడు నేనక్కడే ఉన్నాను. “ఏటి బాబూ, ఇవన్నీ రాసుకుని కార్డు తీసేస్తారేటి?” అంది. సర్వేలో చెప్పిన వివరాలు గణాంకాలకి తప్ప ఇంకో పనికి వాడకూడదని 2008 నాటి గణాంకాల సేకరణ చట్టంలో ఉందని ఆయన ఓపిగ్గా చెప్పాడు. తల ఊపింది.

“టీవీ ఉందా అమ్మా?”

“లేదు బాబూ.”

లోపలి గదిలో సీరియల్ నడుస్తోంది. ఆయన ఒక్క క్షణం ఆగి, రాసుకుని, ఫ్యాన్ ఉందా అని అడిగాడు. ఉందని ఒప్పుకుంది. అది ఆయన నెత్తిమీదే తిరుగుతోంది మరి.