అన్నం పక్కన ఏముంది?

అక్కలకు, అన్నలకు, చదువుకుంటున్న పిల్లలకు నమస్కారం.

పోయిన నెల ఒక హాస్టల్లో పిల్లలతో కలిసి మధ్యాహ్నం భోజనం చేశాను. నా పక్కన ఏడో తరగతి పాప కూర్చుంది. పళ్లెంలో అన్నం గుట్టగా పెట్టారు. పాప నడుమ గుంట చేసి పప్పు పోయించుకుంది. బద్దలు కనబడలేదు, పసుపు నీళ్లే పారాయి. అన్నం అడిగితే మళ్లీ పెట్టారు. పప్పు అడిగితే అయిపోయిందన్నారు. పాప ఏమీ అనకుండా చారు కలుపుకుని తినేసింది. చెయ్యి కడుక్కునేటప్పుడు పాప కంటి కింది రెప్ప లాగి చూశాను. లోపల తెల్లగా పాలిపోయి ఉంది, రక్తం తక్కువని గుర్తు.

తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. ఇది బియ్యం దొరకని కాలం కాదు. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు ఎన్ని ఇళ్లలో రెండు పూటలా పొయ్యి వెలిగిందో మా పెద్దవాళ్లు చెప్పేవాళ్లు. ఆ మేలును నేను తక్కువ చేయను. 2025 ఏప్రిల్ నుంచి రేషన్లో మనిషికి ఆరు కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తున్నాయి, సంతోషమే. కానీ కందిపప్పు, గుడ్డు, ఆకుకూర, పాలు బజారు ధరకే కొనుక్కోవాలి. చేతిలో డబ్బు తగ్గితే ముందు మానేసేవి ఇవే.

ఒట్టి ధాన్యంతో కడుపు నింపుకునే దానికంటే ఆరోగ్యకరమైన తిండికి సగటున ఐదు రెట్లు ఖర్చవుతుందని 2020లో ఐక్యరాజ్యసమితి సంస్థలు లెక్క తేల్చాయి. 2022లో ప్రపంచంలో దాదాపు 280 కోట్ల మందికి ఆ తిండి కొనే స్తోమత లేదు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదు. మిగతాది పప్పులు, కూరలు, పాలు, పండ్లు, గింజల నుంచి రావాలి. ఆ హాస్టల్ పాప ఈ లెక్క ఎలా కుదుర్చుకుంటుంది?

రైతు వైపు నుంచి చూడండి. వరి కోస్తే ఊరి దగ్గరే ప్రభుత్వం తరఫున వడ్లు కొనే ఐకేపీ సెంటర్ ఉంటుంది. టెన్షన్ ఉన్నా, కాంటా ఆలస్యమైనా, కొంటారన్న ధీమా ఉంటుంది. కొర్రలకు, సామలకు కేంద్రం ప్రకటించే మద్దతు ధరే లేదు. అలాంటప్పుడు బోరు వేసి వరి పెట్టిన రైతును తప్పు పట్టడం అన్యాయం. బోరు ఎండినా అప్పు ఎండదు కదా, ఆ భారం మోసేది అతనే.

మన జహీరాబాద్ ఎర్రనేలల్లో సంఘం ఆడవాళ్లు ఇంకో దారి చూపించారు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లోని పేద దళిత మహిళలు వాళ్లు. ఒకే చేలో జొన్న, కంది, కొర్ర, పెసర, అనుములు, గోగు కలిపి వేస్తారు. చుక్క బోరు నీళ్లు పెట్టరు. ఒకటి పోయినా ఇంకొకటి చేతికొస్తుంది. సాళ్ల మధ్య తనంతట తాను మొలిచే ఆకుకూర ఆ రోజు కూరవుతుంది. 1990లలో పడావు భూములు సాగు చేయడానికి అప్పు తీసుకుని, దాన్ని సంఘానికే జొన్నల రూపంలో తీర్చారు. ఆ జొన్నలనే ఊళ్లోని నిరుపేదలకు తక్కువ ధరకు అమ్మారు. ఊరి పంట ఊరి రేషన్ అయ్యింది!

ప్రభుత్వాలు కూడా చేయగలవు. కర్ణాటకలో రేషన్ షాపుల్లో దక్షిణాన రాగులు, ఉత్తరాన జొన్నలు ఇస్తారు. ఒడిశా 2017లో మిల్లెట్ మిషన్ మొదలుపెట్టి, తర్వాత రైతుల దగ్గర రాగులు కొని రేషన్లో పంచింది. కొన్ని జిల్లాల అంగన్‌వాడీ పిల్లలకు రాగి లడ్డూ పెట్టింది. 2013 ఆహార భద్రత చట్టంలోనే జొన్న, రాగి లాంటి ముతక ధాన్యాలు కిలో రూపాయికి ఇవ్వాలని రాశారు. చట్టం ఉంది, కొనేవాళ్లు కావాలి.

చిరుధాన్యాలు వంటింటి నుంచి ఎందుకు పోయాయో మగవాళ్లు తరచూ మర్చిపోతారు. కొర్రలు, సామలు దంచాలి. తెల్లారుజామున లేచి రోట్లో రోకలితో దంచి, చెరిగి, మళ్లీ దంచితే గానీ పొట్టు వదలదు. మా అమ్మమ్మ అరచేతులు బండబారి ఉండేవి. బియ్యం వచ్చాక ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆ రోకలి మళ్లీ పట్టుకోండని ఏ ఆడపిల్లకూ నేను చెప్పను.

అందుకే ఈసారి గ్రామసభలో రెండే అడగండి. అంగన్‌వాడీకి, హాస్టల్‌కి కావలసిన కందులు, జొన్నలు ఈ మండలం రైతుల దగ్గరే కొనాలని ఒకటి. కొర్రల పొట్టు తీసే మర ఒకటి మహిళా సంఘానికి ఇవ్వాలని రెండోది. రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.