సైకిల్ టక్ టక్ మంటోందా? పానా తీసే ముందు ఇది చూడండి

[దృశ్యం: పొద్దున్నే షాపు ముందు వరసగా సైకిళ్లు. ఒక కుర్రాడు పంపు కొడుతున్నాడు.]

జూన్ రెండో వారం. బళ్లు తెరిచారు. వేసవంతా గోడకు ఆనించి మరిచిపోయిన సైకిళ్లన్నీ ఒకేసారి మా షాపు మీద పడ్డాయి. ఇక్కడ పెద్ద మేస్త్రిని నేనే. నా దగ్గర ఇద్దరు కుర్రాళ్లున్నారు. పంచర్లు, బ్రేకు రబ్బర్లు నాకంటే వాళ్లే వేగంగా చేస్తారు, ఒప్పుకుంటాను. నా పని ఎక్కువగా చెవితోనే.

[దృశ్యం: స్టాండు వేసిన సైకిల్. చేత్తో పెడల్ తిప్పుతూ.]

"అన్నా, తొక్కుతుంటే టక్ టక్ మంటోంది" అంటూ వస్తారు. కుర్రాడు వెంటనే పానా అందుకుంటాడు. నేను ఆపుతాను. ముందు లెక్కపెట్టాలి.

మన మామూలు నల్ల సైకిల్లో పెడల్ ఒక చుట్టు తిరిగేసరికి వెనక చక్రం రెండు చుట్లకు పైనే తిరుగుతుంది. పెడల్ చుట్టుకు ఒక్క టక్ వస్తే తేడా పెడల్‌లోనో, పెడల్‌ని పట్టుకునే కడ్డీ అంటే క్రాంకులోనో, ఆ కడ్డీని ఇరుసుకు బిగించే కాటర్ పిన్నులోనో, ఆ ఇరుసు తిరిగే బీబీ బేరింగులోనో ఉంటుంది. చుట్టుకు రెండు మూడు వస్తే చక్రం చూడాలి. రెండు మూడు చుట్లకు ఒకటే వస్తే మాత్రం ఛైన్. ఛైన్ మొత్తం ఒకసారి తిరిగి రావాలంటే పెడల్ అన్ని చుట్లు తిరగాలి మరి! ఎక్కడో ఒక లింకు బిగుసుకుని ఉంటుంది. తొక్కడం ఆపినా చప్పుడు ఆగలేదంటే పెడల్ జోలికి పోవద్దు.

స్టాండు మీద రాని చప్పుడు మనిషి ఎక్కితే వస్తుంది. అందుకే వీధి చివరిదాకా తొక్కి చూస్తాను. ఈ బుద్ధి ఊరికే రాలేదు. పని నేర్చుకునే రోజుల్లో ఒక పెద్దాయన సైకిల్‌కి బీబీ మొత్తం విప్పి, గోళీలు మార్చి, గ్రీజు పెట్టి ఇచ్చాను. సాయంత్రానికి తిరిగొచ్చాడు. అదే టక్. చూస్తే సీటు కింద నట్టు వదులు! లేచి నిలబడి తొక్కితే చప్పుడు ఆగుతుందా అని ఒక్క మాట అడిగుంటే పోయేది. డబ్బులు వెనక్కిచ్చేశాను.

[దృశ్యం: ఎడమ పెడల్, దగ్గరగా.]

ఎడమ పెడల్‌కి మర ఉల్టాగా ఉంటుంది. కొత్త కుర్రాడెవరైనా మొదటి వారంలో దీన్ని పాడుచేయాల్సిందే. గుర్తు ఇది: పానా పైకి పెట్టి ముందు చక్రం వైపు తిప్పితే రెండు పెడళ్లూ బిగుసుకుంటాయి. విమానం చేసిన రైట్ సోదరులు 1892లో డేటన్‌లో సైకిల్ షాపు పెట్టినవాళ్లే. 1900లో తమ సైకిళ్లకు ఈ ఉల్టా మర పెట్టి, ఊడిపోని పెడల్ అని చెప్పుకున్నారు.

[దృశ్యం: ఛైన్ మీద స్కేలు.]

ఛైన్ పోయిందా లేదా అన్నదానికి వాదన అక్కర్లేదు. లింకు పిన్నుకీ పిన్నుకీ మధ్య అరంగుళం. 24 లింకులు కొత్తలో సరిగ్గా 12 అంగుళాలు. అర నూలు, అంటే అంగుళంలో పదహారో వంతు, సాగితే ఛైన్ ఒక్కటి మారిస్తే చాలు. నూలు, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, సాగితే వెనక చక్రానికుండే పళ్ల చక్రం, అదే ఫ్రీవీలు, దాని పళ్లు కూడా అరిగి ఉంటాయి. అప్పుడు కొత్త ఛైన్ ఒక్కటే వేస్తే తొక్కినప్పుడల్లా జారుతుంది. ఖర్చు ఎక్కువని మొహం చిట్లించేవాళ్లకు స్కేలే చూపిస్తాను.

[దృశ్యం: సాయంత్రం. సైకిల్ ఎత్తి వదలడం.]

కుర్రాళ్లు చేసిన ప్రతి బండీ నా చేతి మీదుగానే పోతుంది. జానెడు ఎత్తి నేల మీద వదులుతాను. ఏ నట్టు వదులున్నా గలగలమంటుంది. నిన్న ఒక బండి అలాగే మోగింది. మడ్‌గార్డు, బెల్లు, స్టాండు అన్నీ బిగించాం. మళ్లీ గలగల. చివరికి చూస్తే, క్యారియర్ మీద పిల్లాడు వదిలేసిన టిఫిన్ డబ్బాలో చెంచా.