జాబ్ మారేటప్పుడు ఫైళ్ళు పట్టుకెళ్తే ఏమవుతుంది? గూగుల్ ఇంజనీర్‌కి 18 నెలల శిక్ష పడిన కేసు

అందరికీ నమస్తే అండి. ఈరోజు ఒక వీక్లీ స్టేటస్ షీట్ గురించి చెప్తాను. మీరు శుక్రవారం సాయంత్రం హడావిడిగా నింపి మేనేజర్‌కి పంపేస్తారు చూడండి, ఈ వారం ఏం అయింది, ఏది ఆగింది, క్వార్టర్ టార్గెట్ ఎక్కడిదాకా వచ్చింది అని, అలాంటి షీటే. అలాంటి ఒక్క షీట్ దొంగిలించినట్టు ఒప్పుకున్నందుకు అమెరికాలో పెద్ద పేరున్న ఇంజనీర్‌కి 18 నెలల జైలు శిక్ష వేశారు.

[స్క్రీన్ మీద: పైన తిరిగే సెన్సర్ ఉన్న డ్రైవర్ లేని కారు]

ఆయన పేరు ఆంథనీ లెవాండోవ్‌స్కీ. 2007లో గూగుల్‌లో చేరాడు, 2009లో డ్రైవర్ లేని కారు ప్రాజెక్ట్ మొదలైనప్పటి నుంచి అందులో ముఖ్యమైన మనిషి. ఆ ప్రాజెక్టే తర్వాత వేమో అనే కంపెనీ అయింది. కారు తన చుట్టూ ఏముందో చూసుకోడానికి లేజర్ కిరణాలు వదిలి, అవి తగిలి తిరిగి రావడానికి పట్టిన టైమ్ బట్టి దూరం లెక్కేస్తుంది, దాన్ని లైడార్ అంటారు, ఈయన స్పెషాలిటీ అదే. గూగుల్ ఈయనకి బోనస్‌ల రూపంలో ఇచ్చిందే దాదాపు 12 కోట్ల డాలర్లు అంటే ఎంత కావాల్సిన మనిషో అర్థం చేసుకోండి.

2016 జనవరిలో ఈయన రిజైన్ చేసి ఒట్టో అని సొంత కంపెనీ పెట్టాడు, డ్రైవర్ లేని లారీలు చేస్తాం అని. అదే ఏడాది ఆగస్టులో ఊబర్ దాన్ని కొనేసింది. ఇక్కడివరకు తప్పేం లేదండి, మంచి ఇంజనీర్ బయటికొచ్చి కంపెనీ పెట్టాడు, అమ్ముకున్నాడు, శభాష్ అనొచ్చు.

కానీ 2016 డిసెంబర్‌లో ఒక చిన్న పొరపాటు జరిగింది. లైడార్ పార్టులు సప్లై చేసే ఒక కంపెనీ వాళ్ళు ఒట్టో టీమ్‌కి పంపాల్సిన మెయిల్‌లో పొరపాటున వేమో ఉద్యోగిని కూడా పెట్టేశారు. అందులో ఒట్టో సర్క్యూట్ బోర్డ్ డ్రాయింగ్ ఉంది, అది అచ్చం మా బోర్డులాగే ఉందేంటి అని వేమో వాళ్ళకి అనిపించింది, అప్పటినుంచి తవ్వడం మొదలు.

మనవాళ్ళు ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అంటారు కదా. ఈశ్వరుడి సంగతేమో గానీ సర్వర్ లాగ్స్ పట్టేస్తాయి. లెవాండోవ్‌స్కీ మానేయడానికి కొన్ని వారాల ముందు, 2015 డిసెంబర్‌లో, కంపెనీ సర్వర్ నుంచి 14,000కి పైగా ఫైళ్ళు, 9.7 జీబీ, దించుకున్నాడని, వాటిని బయటి డ్రైవ్‌లోకి ఎక్కించి లాప్‌టాప్‌ని ఫార్మాట్ కొట్టాడని వేమో కోర్టుకి చెప్పింది. 2017 ఫిబ్రవరిలో ఊబర్ మీద కేసు వేసింది.

కేసు శాన్‌ఫ్రాన్సిస్కోలో జడ్జి విలియం అల్సప్ దగ్గరికి వచ్చింది. అంతకుముందు ఒరాకిల్, గూగుల్ జావా కేసు చూసింది కూడా ఈయనే, ఆ కేసు అర్థం చేసుకోడానికి జావా కోడింగ్ కూడా నేర్చుకున్నాడు, నాకు ఈ జడ్జి అంటే అందుకే గౌరవం. నోరు విప్పితే క్రిమినల్ కేసు పడుతుందని లెవాండోవ్‌స్కీ మౌనంగా ఉండే హక్కు వాడుకున్నాడు, విచారణకి సహకరించట్లేదని ఊబర్ 2017 మేలో తీసేసింది. 2018 ఫిబ్రవరిలో ట్రయల్ మొదలై వారం కూడా తిరక్కుండానే రాజీ అయిపోయారు, ఊబర్ తన షేర్లలో 0.34 శాతం వేమోకి ఇచ్చింది, అప్పటి లెక్కలో దాదాపు 24 కోట్ల 50 లక్షల డాలర్లు.

కంపెనీలు రెండూ సర్దుకున్నాయి, మనిషి మిగిలాడు. 2019 ఆగస్టులో ప్రభుత్వం అతని మీద 33 క్రిమినల్ అభియోగాలు పెట్టింది. 2020 మార్చిలో అందులో ఒక్కదానికి నేరం ఒప్పుకున్నాడు, ఆ ఒక్కటే మొదట్లో చెప్పిన షీట్. పేరు షోఫర్ వీక్లీ అప్‌డేట్, షోఫర్ అంటే ఆ ప్రాజెక్ట్ లోపలి పేరు. రిజైన్ చేసిన సుమారు నెల తర్వాత కూడా దాన్ని తెరిచి చూశానని ఒప్పుకున్నాడు. లేజర్ డిజైన్ అయితే సీక్రెట్ అని ఎవరైనా ఒప్పుకుంటారు, స్టేటస్ షీట్‌లో ఏముంటుంది అంటారా? ఏది పనిచేసింది, ఏది చెయ్యలేదు, ఎక్కడ ఇరుక్కున్నారు, ఇవన్నీ అవతలివాడికి తెలిస్తే ఏళ్ళ తరబడి పడాల్సిన తిప్పలు తప్పుతాయి కదండీ, ఫెయిలైన ప్రయోగం కూడా ఆస్తే.

ఇంతేకాదు, తోటి ఉద్యోగుల్ని లాక్కెళ్ళడం లాంటి కాంట్రాక్ట్ ఉల్లంఘనలకి ఆర్బిట్రేషన్‌లో, అంటే కోర్టు బయట మధ్యవర్తులు ఇచ్చే తీర్పులో, గూగుల్‌కి 17 కోట్ల 90 లక్షల డాలర్లు కట్టాలని వచ్చింది, దాంతో దివాలా పిటిషన్ వేశాడు. 2020 ఆగస్టులో అల్సప్ 18 నెలల శిక్ష వేశాడు. కోవిడ్ వల్ల జైలుకి వెళ్ళడం వాయిదా పడింది, ఈలోగా 2021 జనవరి 20న ట్రంప్ పదవి దిగిపోతూ క్షమాభిక్ష పెట్టేశాడు. మనలాంటి మామూలు ఉద్యోగికి ఆ దారి ఉండదు, ఇది మాత్రం మర్చిపోవద్దు.

[స్క్రీన్ మీద: 1872]

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన పార్ట్. మానేశాక ఏడాదిపాటు పోటీ కంపెనీలో చేరకూడదు అని ఆఫర్ లెటర్‌లో రాస్తారు కదా, దాన్ని చూసి మన పిల్లలు హడలిపోతుంటారు. కాలిఫోర్నియాలో అలాంటి షరతు చెల్లదు, ఆ రూల్ 1872 నాటిది. మన ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ కూడా 1872 నాటిదే, అందులో సెక్షన్ 27 ప్రకారం ఒక మనిషి చట్టబద్ధమైన పని చేసుకోకుండా ఆపే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. రెండిటికీ మూలం ఒకటే, న్యూయార్క్ కోసం డేవిడ్ డడ్లీ ఫీల్డ్ తయారుచేసిన ముసాయిదా. అంటే గచ్చిబౌలిలో కూర్చున్నవాళ్ళకీ కాలిఫోర్నియా సన్నీవేల్‌లో కూర్చున్నవాళ్ళకీ ఈ ఒక్క విషయంలో దాదాపు ఒకే రక్షణ. డల్లాస్‌లో ఉన్న మనవాళ్ళు మాత్రం జాగ్రత్త, టెక్సాస్‌లో కాలం, పరిధి సమంజసంగా ఉంటే ఆ షరతు చెల్లుతుంది. ఇండియాలో కూడా ఉద్యోగంలో ఉన్నంతకాలం ఇంకోచోట పనిచెయ్యకూడదు అనే షరతు చెల్లుతుంది, 1967లోనే మన సుప్రీంకోర్టు చెప్పింది.

కాబట్టి వెళ్ళే హక్కు గట్టిదే అండి. ఒక హోటల్లో పదేళ్ళు బిర్యానీ వండిన మాస్టర్ ఇంకో హోటల్‌కి వెళ్తే అతని చెయ్యి కూడా అతనితోనే వెళ్తుంది, దాన్ని ఎవరూ ఆపలేరు. కానీ ఓనర్ బీరువాలో పెట్టుకున్న మసాలా కొలతల పుస్తకం ఫోటో తీసుకెళ్తే అది వేరే కథ.

మరి నేను రాసిన కోడ్ నాదే కదా? నేను కూడా మొదటి జాబ్‌లో రిజైన్ పెట్టేశాక అలాగే అనుకున్నాను. రాత్రులు కూర్చుని రాసిన రెండు స్క్రిప్టులు నా జీమెయిల్‌కి పంపుకున్నాను, తర్వాత పనికొస్తాయి కదా అని అంతే, మర్నాడే సెక్యూరిటీ టీమ్ నుంచి ఫోన్, డిలీట్ చేశానని సంతకం పెట్టి, రిలీవింగ్ లెటర్ కోసం మూడు వారాలు తిరిగి, కొత్త జాబ్ పోతుందేమో అని ఇంట్లో చెప్పలేక నిద్రపట్టని రోజులవి. తప్పు నాదే. మన కాపీరైట్ చట్టం, 1957లో సెక్షన్ 17 ప్రకారం ఉద్యోగంలో భాగంగా రాసిన దానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి ఓనర్ కంపెనీయే. పర్మిషన్ లేకుండా డేటా కాపీ చేస్తే ఐటీ యాక్ట్ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చట్టం) సెక్షన్ 43, దురుద్దేశంతో చేస్తే సెక్షన్ 66, మూడేళ్ళదాకా జైలు. మనకి ట్రేడ్ సీక్రెట్లకి, అంటే కంపెనీ వ్యాపార రహస్యాలకి, ప్రత్యేక చట్టం లేదు, తీసుకురండి అని లా కమిషన్ 2024లో రిపోర్ట్ ఇచ్చింది, అలా అని కేసు పెట్టలేరు అనుకోకండి, కాంట్రాక్ట్ ఉంది, ఈ సెక్షన్లూ ఉన్నాయి.

సైడ్ ప్రాజెక్ట్ చేసేవాళ్ళయితే కంపెనీ లాప్‌టాప్ అసలు ముట్టుకోవద్దు. కాలిఫోర్నియాలో సొంత టైమ్‌లో సొంత సామానుతో, కంపెనీ బిజినెస్‌కి సంబంధం లేనిది చేస్తే అది మీదే అని చట్టంలోనే ఉంది, మనకి అలాంటి స్పష్టమైన లైన్ లేదు, అపాయింట్‌మెంట్ లెటర్‌లో ఏం రాశారో అదే ముఖ్యం, అందుకే చేరకముందే చదవండి, ముందే మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ఉంటే రాతపూర్వకంగా చెప్పి చేరండి.

ఇక మానేసేవాళ్ళు. జీతం స్లిప్పులు, ఫారం 16, సర్టిఫికెట్లు కావాలంటే హెచ్‌ఆర్‌ని అడిగి తీసుకోండి, పర్సనల్ ఫోటోలు ఉంటే ఐటీ వాళ్ళకి చెప్పి వాళ్ళ ముందే కాపీ చేసుకోండి. మీరే రాసుకున్న నోట్స్ అయినా సరే కేటీలో, అంటే పని వేరేవాళ్ళకి అప్పజెప్పేటప్పుడు, ఇచ్చేసి వచ్చెయ్యండి, నేర్చుకున్నది బుర్రలో ఉంటుంది. నెల తర్వాత కూడా పాత కంపెనీ డ్రైవ్ మీ ఫోన్‌లో ఓపెన్ అవుతుంటే, టీమ్ ఏం చేస్తోందో అని ఒక్కసారి చూద్దాం అనిపిస్తుంది, తెరవొద్దు. నా యాక్సెస్ ఇంకా ఉంది, తీసెయ్యండి అని వాళ్ళకి ఒక మెయిల్ పెట్టి, ఆ మెయిల్ దాచుకోండి.