స్టాకు రిజిస్టర్‌లో ఒక గుర్రం

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు అధ్యక్షులవారు ఇందాకే చదివారు. మళ్ళీ నేను చదివితే నాకిచ్చిన టైములో సగం అక్కడే అయిపోతుంది. ‘పోలీసు సేవలో అశ్వాలు, నైతిక దృక్కోణం’ అని అంశం ఇచ్చారు. చాలా గంభీరంగా ఉంది. నేను పశువైద్యుణ్ణి. ఉద్యోగంలో ఎక్కువ కాలం గుర్రపు లాయాల్లోనే గడిచింది. నాకు తెలిసింది చెబుతాను, దృక్కోణం మీరు వెతుక్కోండి.

ముందు గుర్రం సంగతి. అయిదారు వందల కిలోల ఒళ్లు, మెరిసే జూలు, పైన యూనిఫాంలో మనిషి. చూడగానే మనకు ధైర్యం గుర్తొస్తుంది. నిజానికి అది పిరికి జంతువు. తిట్టడం కాదండీ. వేటాడే మృగాలకు ఆహారమైన జాతి అది, పారిపోవడం తెలియబట్టే ఇన్ని యుగాలు బతికింది. కళ్ళు తలకు చెరోపక్కా ఉంటాయి కాబట్టి దాదాపు చుట్టూ కనబడుతుంది. కనబడని చోట్లు రెండే. ముఖానికి సరిగ్గా ఎదురుగా కొంచెం జాగా, తోక వెనక కొంచెం జాగా. జనంలో నిలబెట్టినప్పుడు మనుషులు వచ్చి చేరేది సరిగ్గా ఆ రెండు చోట్లకే. ఒకరు ముక్కు నిమరడానికి వస్తారు, ఇంకొకరు వెనక నుంచి తోస్తారు.

అలాంటి జంతువును టపాకాయల మోతకు, పొగకు, రెపరెపలాడే జెండాలకు, టప్పున తెరుచుకునే గొడుగులకు అలవాటు చేస్తారు. మంచి శిక్షకుడు తొందరపడడు. కొత్త గుర్రం పక్కన అనుభవమున్న గుర్రాన్ని నిలబెడతాడు. ఒక అడుగు ముందుకేస్తే మెచ్చుకుంటాడు, బెదిరితే వెనక్కి తీసుకెళ్ళి మర్నాడు మళ్ళీ మొదలుపెడతాడు. చెడ్డ శిక్షకుడి దగ్గర కూడా గుర్రం కదలకుండా నిలబడుతుంది. దూరం నుంచి చూస్తే రెండు గుర్రాలూ ఒకటే. దగ్గరకెళ్ళి చూడండి. మొదటిదాని చెవులు అటూ ఇటూ తిరుగుతూ ఉంటాయి, అది ప్రపంచాన్ని వింటోంది. రెండోదాని పెదవి బిగిసి ఉంటుంది, చూపులో జీవం ఉండదు. ఎంత బెదిరినా లాభం లేదని దానికి అర్థమైపోయింది. పరేడ్‌లో మార్కులు మాత్రం రెండింటికీ సమానంగా పడతాయి.

జంతువుల సంక్షేమం గురించి మాట్లాడేవాళ్ళు ‘ఐదు స్వేచ్ఛలు’ అంటుంటారు. 1965లో బ్రిటన్‌లో బ్రాంబెల్ కమిటీ ఇచ్చిన నివేదికలో దానికి బీజం పడింది, 1979లో ఇప్పుడున్న రూపం వచ్చింది. ఆకలిదప్పులు ఉండకూడదు, ఉండే చోటు సౌకర్యంగా ఉండాలి, నొప్పికీ జబ్బుకీ వైద్యం అందాలి, తన సహజ ప్రవర్తనకు వీలుండాలి. ఈ నాలుగూ మంచి లాయం చాలావరకు ఇవ్వగలదు. ఐదోది భయం నుంచి స్వేచ్ఛ. రాళ్ళు పడుతున్న వీధిలోకి గుర్రాన్ని తోలుతూ ఐదో స్వేచ్ఛ ఇస్తున్నామని ఎవరైనా అనగలరా?

ఇక్కడ కొందరు మిత్రులకు నా మీద కోపం వస్తుందని తెలుసు. పోలీసు శాఖలో గుర్రాలే వద్దని నేను అనడం లేదు. వాహనం పోలేని చోట గాలించడానికి, తప్పిపోయినవాళ్ళను వెతకడానికి, పెద్ద జనసమూహాన్ని ఎత్తు నుంచి గమనించడానికి గుర్రం నిజంగా పనికొస్తుంది. రోజూ నడక, తోటి గుర్రాల సావాసం, తెలిసిన రౌతు ఉంటే గుర్రం ఆ పనిలో హాయిగానే ఉంటుంది. నా అభ్యంతరమల్లా కోపంతో ఉన్న గుంపు మీదికి దాన్ని ఆయుధంగా తోయడం మీద. మనుషులు దాన్ని చూసి భయపడతారు కాబట్టే అక్కడికి తెస్తున్నాం. అది మనుషుల్ని చూసి భయపడుతోందన్న సంగతి ఎవరి లెక్కలోనూ లేదు.

శక్తిమాన్ మీకందరికీ గుర్తుండే ఉంటుంది. ఉత్తరాఖండ్ పోలీసు గుర్రం. 2016 మార్చిలో డెహ్రాడూన్‌లో ఒక రాజకీయ నిరసన జరుగుతుండగా దాని వెనక కాలు విరిగింది. కాలు తీసేశారు, కృత్రిమ కాలు పెట్టారు, ఏప్రిల్ 20న అది చనిపోయింది. గుర్రానికి కాలు విరిగితే ఎందుకంత ప్రమాదమో చెప్పాలి. మోకాలి కింద కండ ఉండదు, రక్తప్రసారం తక్కువ, ఎముక అతకడం కష్టం. మనిషిలాగా నెలల తరబడి మంచం మీద పడుకోలేదు. ఒక కాలు ఎత్తిపెడితే బరువంతా మిగతావాటి మీద పడి, బాగున్న గిట్ట లోపల వాపు మొదలవుతుంది. ఒక్కోసారి విరిగిన కాలు కాదు, ఆ మంచి కాలే ప్రాణం తీస్తుంది.

అప్పట్లో దేశమంతా ఒకటే చర్చ. కొట్టింది ఎవరు, ఏ పార్టీ? కేసు నడిచింది, 2021లో నిందితులను కోర్టు నిర్దోషులుగా వదిలేసింది. ఇంత చర్చలోనూ ఆ గుర్రాన్ని ఆ రోడ్డు మీద, ఆ గుంపు ముందు నిలబెట్టాలని నిర్ణయించింది ఎవరని అడిగినవాళ్ళు నాకు కనబడలేదు. పోనీ చట్టమైనా గట్టిదా అంటే, 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. నవ్వకండి. ఆ అంకె ఇన్నేళ్ళుగా అక్కడే ఉంది.

పతకాలు మాత్రం ఇస్తాం. రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌లో పనిచేసిన ఓల్గా, అప్‌స్టార్ట్, రీగల్ అనే మూడు పోలీసు గుర్రాలకు 1947లో డికిన్ మెడల్ ఇచ్చారు, యుద్ధంలో సాహసం చూపిన జంతువులకు బ్రిటన్‌లో ఇచ్చే పతకం అది. 1944లో ఓల్గా ముందే బాంబు పడి నాలుగు ఇళ్ళు కూలాయి, పెద్ద అద్దం పగిలి ఎదుట పడింది. ఓల్గా వంద గజాలు పరుగెత్తి, మళ్ళీ తిరిగొచ్చి డ్యూటీలో నిలబడింది. తిరిగొచ్చినందుకు పతకం. నాకు మాత్రం ఆ వంద గజాల మీద గౌరవం. ఆ కాసేపూ అది గుర్రంలా ఉంది.

చీటీ పంపారు, అయిదు నిమిషాలేనట. సరే, అసలు సంగతికి వస్తాను. నిజానికి ఇది చెప్పడానికే ఒప్పుకుని వచ్చాను.

నేను పనిచేసిన ఒక చోట, పేరు చెప్పను, ఒక ఆడగుర్రం ఉండేది. కొత్త గుర్రాలకు ధైర్యం చెప్పడానికి పక్కన నిలబెట్టేది దాన్నే. ఏళ్ల తరబడి తారురోడ్డు మీద నాడాలు వేసుకుని నడిచి నడిచి ముందుకాళ్ళ కీళ్ళు అరిగాయి. పరీక్షించి, సవారీకి పనికిరాదని నేనే సర్టిఫికెట్ రాశాను. దాన్ని లాయంలోనే ఉంచాలనీ, దాణా, పచ్చిక తప్ప పెద్ద ఖర్చేమీ ఉండదనీ, కొత్తవాటి శిక్షణకు ఇంకా పనికొస్తుందనీ పక్కనే నోట్ పెట్టాను. ఫైలు తిరిగొచ్చింది. స్టాకు రిజిస్టర్‌లో ఉన్న వస్తువు పనికిరాకపోతే వేలం వేయాలి, నిబంధన అంతే. విరిగిన కుర్చీలకూ పాత జీపు టైర్లకూ అదే రిజిస్టర్, అదే నిబంధన. దాన్ని చూసుకున్న సైసు తన జీతంలోంచి కొంటానన్నాడు. వేలంలో అతని పాట చాలలేదు. ఎవరు కొన్నారు, ఎందుకు కొన్నారు అని అడిగితే అది శాఖకు సంబంధించిన విషయం కాదన్నారు. ముందుకాళ్ళు అరిగిన గుర్రాన్ని ఎవరైనా ఎందుకు కొంటారు? బండికి కట్టడానికి. కాకపోతే ఇంకో పనికి, ఆ పని పేరు ఈ సభలో అనను.

గుర్రం పాతికేళ్ళు, కొన్ని ముప్పై ఏళ్ళు బతుకుతుంది. సర్వీసు అయ్యాక దానికింకా చాలా ఆయుష్షు మిగిలే ఉంటుంది. ఆ మిగిలినదాని బాధ్యత ఎవరిది? నేను కోరేది గొంతెమ్మ కోరికేమీ కాదు. ఇంగ్లండ్‌లో 1886లో పనిగుర్రాల విశ్రాంతి కోసం మొదలైన ‘ది హార్స్ ట్రస్ట్’ ఈ రోజుకీ రిటైరైన పోలీసు గుర్రాలను తీసుకుంటోంది. అమెరికాలోని టెక్సస్‌లో ప్రభుత్వ ఆస్తిని ఎవరికీ ఉచితంగా ఇవ్వకూడదన్న రాజ్యాంగ నిబంధన అడ్డొచ్చింది. అందుకని 2019లో ఓటింగ్ పెట్టి రాజ్యాంగాన్నే సవరించారు. రిటైరైన పోలీసు కుక్కనో గుర్రాన్నో దాన్ని చూసుకున్న మనిషికి ఉచితంగా ఇవ్వొచ్చు. రాజ్యాంగాన్ని మార్చగలిగినప్పుడు ఒక స్టాకు రిజిస్టర్‌ను మార్చలేమా?

ఈ హాల్లో సర్వీసులో ఉన్న అధికారులు ఉన్నారు, వెనక వరసల్లో యూనిఫాంలు కనబడుతున్నాయి. అయ్యా, మీ కిందికి గుర్రాలు వచ్చినప్పుడు, కొనుగోలు ఫైలు మీద సంతకం పెట్టేముందు ఒక్క కాలమ్ అడగండి: సర్వీసు ముగిశాక ఈ గుర్రం ఎక్కడ ఉంటుంది? ఆ కాలమ్ నిండకపోతే గుర్రాన్ని కొనకండి. మిగతావాళ్ళకు, వినతిపత్రం బయట బల్ల మీద ఉంది. వేలం రద్దు చేయాలనీ, రిటైరైన గుర్రాన్ని చూసుకున్నవాళ్ళకు మొదటి హక్కు ఇవ్వాలనీ రాశాం. అభ్యంతరాలుంటే కింద రాయండి, దానికీ జాగా వదిలాం. పెన్నులు కూడా అక్కడే ఉన్నాయి.