ఎత్తించే చెయ్యి, దించే చెయ్యి

(ఒంగోలు దగ్గరి ఒక సంఘంలో ఉపవాస కూడికల రెండో రోజు సాయంత్రం చేసిన ప్రసంగ పాఠం)

ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు.

అయ్యగారు నన్ను మాట్లాడమన్నప్పుడు వెనకాడాను. నేను వేదాంతం చదువుకున్నవాణ్ని కాను. ముప్పై ఏళ్లు హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. పైగా నిన్నటి నుంచి మీరు ఉపవాసంలో ఉన్నారు. ఆకలితో ఉన్నవాళ్ల ముందు మాట సాగదీయడం ఎంత తప్పో నాకు తెలుసు, నేనూ ఉపవాసంలోనే ఉన్నాను కాబట్టి.

అదిగో, ఆ తలుపు పక్కన ప్రార్థన అవసరతల పెట్టె ఉంది. పన్నెండేళ్లుగా శనివారం సాయంత్రం దాన్ని తెరిచి, చీటీలు చదివి, ఆదివారం ప్రార్థనకు వరస పెట్టే పని నాది. ఎవరు ఏం రాశారో చెప్పనులెండి, భయపడకండి. అబ్బాయికి ఉద్యోగం, అమ్మాయికి సంబంధం, మోకాళ్ల నొప్పులు, వీసా, తాకట్టులో ఉన్న బంగారం, బోరులో నీళ్లు. ఒకసారి గేదె క్షేమంగా ఈనాలని కూడా వచ్చింది. ప్రార్థన చేశాం, ఈనింది. కానీ ఈ పన్నెండేళ్లలో 'మా వదిన పేరు వింటే నాకు కడుపు మండుతుంది, ఆ మంట చల్లారాలి' అని ఒక్క చీటీ రాలేదు. 'ఒకరి డబ్బు ఎగ్గొట్టాను, నిద్ర పట్టడం లేదు' అని రాలేదు. 'బిడ్డ పోయి ఆరేళ్లయింది, దేవుడి మీద నా కోపం పోలేదు' అని రాలేదు. అవసరతలు పెట్టెలో వేస్తున్నాం. భారాలు మాత్రం వచ్చినట్టే ఇంటికి మోసుకుపోతున్నాం.

మన ఇళ్లలో క్యాలెండర్ల మీద ఎక్కువగా కనబడే వాక్యాల్లో 55వ కీర్తన 22వ వచనం ఒకటి. "నీ భారము యెహోవామీద మోపుము, ఆయనే నిన్ను ఆదుకొనును." పక్కన ఒక జలపాతం బొమ్మో, గులాబీ పువ్వో ఉంటుంది. ఆ కీర్తన మొత్తం చదివితే ఆ బొమ్మ వేయడానికి చెయ్యి రాదు. అది నమ్మకద్రోహానికి గురైనవాడి ఏడుపు. ద్రోహం చేసినవాడు శత్రువైతే తట్టుకునేవాణ్ని, నా స్నేహితుడివే, నాతో కలిసి దేవుని మందిరానికి నడిచినవాడివే అంటాడు. గువ్వలా రెక్కలుంటే ఎగిరిపోయి ఎక్కడో నెమ్మదిగా ఉందును అంటాడు. వాళ్ల మీదికి చావు వచ్చి పడాలని కూడా అంటాడు. గుడిలో మనం అనలేని మాటలన్నీ దేవుడితో అన్నాక, అప్పుడు 22వ వచనం దగ్గరికి వస్తాడు. మనం ముందున్న వచనాలన్నీ దాటేసి నేరుగా 22కి వెళ్లిపోతాం. స్టెప్పులు వేయకుండా జవాబు రాసిన పిల్లాడికి నేను ఎన్ని మార్కులు ఇచ్చేవాణ్నో నా దగ్గర చదివినవాళ్లు ఇక్కడే ఉన్నారు, అడగండి.

'మోపుము' అన్న మాట చూడండి. మోపు అంటే మనకు గడ్డి మోపు, కట్టెల మోపు. మా అమ్మ చేలో గడ్డి కోసి మోపు కట్టేది. కోయడం ఒక్కతే కోసేది, కట్టడం ఒక్కతే కట్టేది. నెత్తికి ఎత్తుకోవడం మాత్రం ఒక్కదానివల్ల కాదు. దారిన పోయేవాళ్లను 'ఓ చెయ్యి వేసిపోండయ్యా' అని పిలిచేది. ఇంటికొచ్చాక దించడానికీ చెయ్యి కావాలి. నేను వాకిట్లో ఆడుకుంటూ ఉంటే, మోపు నెత్తిన పెట్టుకునే నిలబడి కేకేసేది. ఒంటరిగా కింద పడేస్తే మెడ పట్టేస్తుంది. బరువు తలకెత్తి మోసిన ఎవరినైనా అడగండి, ఎత్తించడానికి ఒక చెయ్యి, దించడానికి ఒక చెయ్యి కావాలంటారు.

మన ప్రాంతానికి ఇది కొత్త సంగతి కాదు. 1876 నుంచి 78 దాకా ధాత కరువు. బకింగ్‌హాం కాలువ తవ్వకం కరువు పనిగా సాగింది. ఒంగోలులో ఉన్న మిషనరీ క్లౌ దొరగారు మూడున్నర మైళ్ల పని తానే కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించారు. మా పెద్దలు కొందరు అక్కడ మట్టి తట్టలు మోసినవాళ్లేనని మా నాయనమ్మ చెప్పేది. ఒకరు తవ్వుతారు, ఒకరు తట్ట ఎత్తిస్తారు, చుట్టకుదురు మీద పెట్టుకుని ఒకరు గట్టు ఎక్కుతారు. "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా" అని యేసు పిలిచిన మాట ఫ్యాను కింద కూర్చుని వినే నాకు ఒకలా వినబడుతుంది. మెడలు వంగిపోయిన వాళ్లకు ఎలా వినబడి ఉంటుందో ఆలోచించండి. ఆ కరువు సాయం నడుస్తున్నన్నాళ్లూ దొరగారు బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసం వచ్చారనే మాట రాకూడదని. పని అయిపోయింది, కూలి ఆగిపోయింది. ఆ తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది నీళ్లలో దిగారు. మనం ఆ అంకె చెప్పుకుని గర్వపడతాం. నన్ను ఆపే సంగతి వేరే. ఇక ఇవ్వడానికి చేతిలో ఏమీ లేదని తెలిశాక కూడా వాళ్లు వచ్చారు. నెత్తి మీద తట్ట లేదు, మనసులో లెక్క లేదు.

నా మనసులో మాత్రం తొమ్మిదేళ్లు ఒక లెక్క ఉండేది. ఇది సాక్ష్యం అనుకోండి, ఒప్పుకోలు అనుకోండి.

నాన్న పోయాక నేనూ తమ్ముడూ పొలం పంచుకున్నాం. గట్టు దగ్గర తేడా వచ్చింది. వాడు నా వైపుకు మూడడుగులు జరిపాడని నేను, అది మొదటినుంచీ అక్కడే ఉందని వాడు. పొడవు రెండు వందల అడుగులు. లెక్కల మాస్టార్ని కదా, వేశాను. ఆరు వందల చదరపు అడుగులు. సెంటూ పావు పైన, సెంటున్నర లోపు. దాని కోసం తొమ్మిదేళ్లు వాడి గడప తొక్కలేదు. వాడి కూతురి పెళ్లికి వెళ్లలేదు. వాడి ఊళ్లో వాడు ప్రభువు బల్లలో రొట్టె తీసుకున్నాడు, ఇక్కడ నేను తీసుకున్నాను. ఆ రొట్టె ఒకటేనని మనం చెప్పుకుంటాం.

ప్రభువు ప్రార్థనలో "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అనే మాట వస్తుంది కదా. అక్కడికి రాగానే నా గొంతు తగ్గిపోయేది. పెదాలు కదిలేవి, శబ్దం రాదు. ఎవరూ గమనించలేదనుకున్నాను. మన సంఘంలోనే, కూరగాయలమ్మే ఒక పెద్దమ్మ నా వెనక వరసలో కూర్చునేది. ఒక ఆదివారం మెట్ల దగ్గర పట్టుకుంది. "మాస్టారూ, ఆ మాట దగ్గర మీ గొంతు వినబడదేం?" అంది. నాకు చెమటలు పోశాయి. ఏదో దగ్గు అన్నాను. "తొమ్మిదేళ్ల దగ్గా?" అంది.

తర్వాత వారం మళ్లీ అడిగింది. చెప్పేశాను. ఆమె వాక్యం ఏమీ చెప్పలేదు. "వచ్చే బుధవారం నాకు బేరం తక్కువ, నేనూ వస్తా. బస్సు చార్జీ మీరు పెట్టుకోండి" అంది. ఇద్దరం వెళ్లాం. నేను అనుకున్నట్టు ఏమీ జరగలేదు. మరదలు మంచినీళ్లిచ్చింది, కుర్చీ వేసింది. తమ్ముడు చేలోంచి వచ్చి నన్ను చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "గట్టు సంగతి ఎత్తడానికైతే ఎత్తొద్దు అన్నయ్యా" అన్నాడు. ఎత్తనన్నాను. టీ తాగాం. అమ్మాయి ఎలా ఉందని అడిగాను. మనవడు పుట్టాడని అప్పుడు తెలిసింది నాకు. అంతే. కౌగిలింతలు లేవు. గట్టు ఇప్పటికీ వాడు పెట్టినచోటే ఉంది. ఇంటికొచ్చిన మూడో రోజుకే ఆ సెంటూపావు మళ్లీ నా నెత్తికెక్కింది. మళ్లీ దించాను. ఇప్పటికీ కొన్ని రాత్రులు దించుతూనే ఉన్నాను. కాకపోతే ఆ మాట దగ్గర నా గొంతు వినబడుతోంది. కావాలంటే పెద్దమ్మను అడగండి, ఇప్పటికీ కనిపెడుతూనే ఉంది.

గలతీ పత్రిక ఆరో అధ్యాయం రెండో వచనం "ఒకని భారముల నొకడు భరించి" అంటుంది. మూడు వచనాలు దాటగానే ఐదో వచనం "ప్రతివాడును తన బరువు తానే భరించుకొనవలెను గదా" అంటుంది. పిల్లలెవరైనా అడిగితే ఏం చెబుతాం? ఆ పత్రిక రాసిన పౌలు మాట మార్చాడా? లేదు. మన తెలుగు బైబిలు అనువదించినవాళ్లు ఇక్కడ జాగ్రత్త పడ్డారు. గ్రీకులో రెండు వేర్వేరు మాటలుంటే తెలుగులోనూ రెండు వాడారు, ఒకచోట భారము, ఒకచోట బరువు. మొదటిది మనిషిని నలిపేసేది. రెండోది ఎవరి మూట వాళ్లది. కన్నవాళ్లను చూసుకోవడం, చేసిన అప్పు తీర్చడం, మాటిచ్చిన పని చేయడం. 'దేవుడి మీద భారం వేశాను' అని చిట్టీ డబ్బులు కట్టడం మానేసినవాణ్ని నేను చూశాను. అతను భారం వేయలేదు, బరువు దులుపుకున్నాడు. ఆ బరువు హామీ సంతకం పెట్టినవాడి నెత్తిన పడింది.

ఏది వదలాలి, ఏది వదలకూడదు అని ఆలోచించినప్పుడల్లా నేను అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయం తెరుస్తాను. పౌలును ఖైదీగా రోముకు తీసుకెళ్తున్న ఓడ. అలెక్సంద్రియ ఓడ, కడుపునిండా గోధుమలు. మనుషులు 276 మంది, లూకా లెక్కపెట్టి రాశాడు, అందుకే ఆ అధ్యాయం నాకిష్టం. తుపాను పట్టుకుంది. మొదట సరకు కొంత పారేశారు. అది తేలికే, ఎవరి సరకో. మూడో రోజు ఓడ సామగ్రిని తమ చేతులతో పారేశారు. ఆ 'తమ చేతులతో' అన్నచోట ఆగండి. రేపు ఓడ నడపడానికి పనికొచ్చే సామాను అది. అయినా గోధుమలు ముట్టుకోలేదు. ఓడ బయల్దేరిందే వాటి కోసం. లాభమంతా అందులోనే ఉంది. పద్నాలుగో రాత్రి గడిచాక, తెల్లవారుతుండగా, పౌలు అందరినీ తినమని బతిమాలాడు, రొట్టె పట్టుకుని అందరి ముందూ దేవునికి కృతజ్ఞతలు చెప్పి తిన్నాడు. వాళ్లూ తిన్నారు. కడుపు నిండాక గోధుమలు సముద్రంలో పారబోశారు.

మనమూ ఇదే వరసలో వదులుతాం. చెడ్డ అలవాట్లు, పనికిరాని మాటలు, అవి ముందు. సాక్ష్యాల్లో కూడా అవే చెబుతాం. గోధుమల దాకా రాము. గోధుమలు చెడ్డవి కావు, అందుకే వదలడం కష్టం. నా గోధుమ బస్తా 'న్యాయం నా వైపే ఉంది' అన్నది. నిజంగానే ఉందేమో కూడా. ఇక్కడ కూర్చున్న అమ్మల్లో చాలామంది గోధుమ బస్తా నాకు తెలుసు: 'నేను లేకపోతే ఈ ఇల్లు నడవదు.' మోషేకు కూడా అదే బస్తా ఉండేది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం తగాదాలు ఒక్కడే తీరుస్తుంటే మామగారు వచ్చి చూసి, ఇది నీ ఒక్కడివల్ల కాదు, నువ్వూ నలిగిపోతావు, జనమూ నలిగిపోతారు అన్నాడు. అల్లుడికి ఇంత మంచి మాట చెప్పిన మామ బైబిల్లో ఇంకొకరు కనబడరు నాకు.

ఇంకొక్కటి. ఆ ఓడ దక్కలేదు. పౌలు ముందే చెప్పాడు, ప్రాణాలు పోవు, ఓడ పోతుంది అని. ఈత వచ్చినవాళ్లు ఈదారు, రానివాళ్లు పలకలు పట్టుకున్నారు. తడిసి ముద్దయి 276 మందీ ఒడ్డెక్కారు. 'ఆదుకొనును' అంటే ఓడను కూడా ఒడ్డుకు చేర్చి ఇస్తాడని నేను మీకు చెప్పలేను.

ముగించేముందు, అయ్యగారి అనుమతితో ఒక కఠినమైన మాట. 'క్షమించు, భరించు' అని దెబ్బలు తింటున్న ఆడబిడ్డను మళ్లీ ఆ ఇంటికే పంపించిన పెద్దల్లో నేనూ ఒకణ్ని. ఒకసారి పంపించాను. అది తప్పు. పగ వదలడం వేరు, దెబ్బలకు ఒళ్లు అప్పగించడం వేరు. ఆ బిడ్డ నెత్తిన మేము ఇంకో తట్ట పెట్టాం. అలాగే, నెలల తరబడి నిద్ర లేక, చచ్చిపోవాలనిపిస్తోందని ఎవరైనా చెబితే విశ్వాసం చాలదని అనకండి. ఏలీయా ప్రవక్త చెట్టు కింద పడుకుని నా ప్రాణం తీసేయమన్నప్పుడు దేవదూత ప్రసంగం చేయలేదు. పడుకోనిచ్చాడు, లేపి రొట్టె పెట్టాడు, మళ్లీ పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి పెట్టాడు. ప్రయాణం నీ శక్తికి మించింది, తిను అన్నాడు. డాక్టరు దగ్గరికి తోడు వెళ్లడం కూడా చెయ్యి వేయడమే.

ఇప్పుడు పాట పాడతాం. పాట అయ్యేలోపు కాగితాలు పంచుతారు. ఈసారి భారం రాయండి, పేరు రాయకండి. అవసరత కూడా రాయకండి, అవి ఆదివారం రాసుకోవచ్చు. ఎవరితోనైనా చెప్పుకోవాలనుంటే వెనక, నీళ్ల కుండ దగ్గర నాలుగు కుర్చీలు వేశాం. పెద్దమ్మ అక్కడే కూర్చుంటుంది. ఆమెకు కొంచెం చెవుడు, దగ్గరికి జరిగి చెప్పండి. గొంతు తగ్గితే మాత్రం ఆమెకు వెంటనే తెలిసిపోతుంది.