గ్రాముల నుంచి మోల్‌కి, మోల్ నుంచి గ్రాములకి

(తిరుపతిలో ఇంటర్ విద్యార్థులకు, రసాయనశాస్త్రం చెప్పే ఉపాధ్యాయులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

సమీకరణంలో పదార్థాల ముందు రాసే అంకెలు గ్రాములు కావు. మోల్ లెక్కల్లో వచ్చే తప్పులు చాలా మటుకు ఈ ఒక్క మాట మరిచిపోవడం వల్లే వస్తాయి. కాబట్టి దీనితోనే మొదలుపెడతాను.

రెండు హైడ్రోజన్ అణువులు, ఒక ఆక్సిజన్ అణువు కలిస్తే రెండు నీటి అణువులు. ఇది అందరికీ వచ్చు. ఇప్పుడు 4 గ్రాముల హైడ్రోజన్‌కి ఆక్సిజన్ ఎంత కావాలి అని అడిగితే, రెండుకి ఒకటి కదా అని 2 గ్రాములు అనేస్తారు. కావలసింది సుమారు 32 గ్రాములు. రెండుకి ఒకటి అన్నది అణువుల లెక్క. ఒక్కో ఆక్సిజన్ అణువు ఒక్కో హైడ్రోజన్ అణువుకి దాదాపు పదహారు రెట్లు బరువు. మరి అణువుల్ని లెక్కపెట్టడానికి మన దగ్గర ఉన్నది తూనిక ఒక్కటే. హుండీ చిల్లరలో ఒకే రకం నాణేలు వేరుచేసి సంచిని తూస్తే, ఒక్కో నాణెం బరువు తెలుసు గనక, విప్పి లెక్కపెట్టకుండానే ఎన్ని ఉన్నాయో చెప్పొచ్చు. రసాయనశాస్త్రంలో మనం చేసేదీ అదే పని.

మోల్ అంటే 6.02214076 × 10²³ కణాలు. 2019 మే 20 నుంచి ఈ సంఖ్యే నిర్వచనం. అంతకు ముందు, 1971 నుంచి, 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులు ఉంటాయో అన్ని అని ఉండేది. పాత నిర్వచనం ఉన్న పుస్తకం చేతికి వస్తే కంగారు పడకండి. రెండింటికీ తేడా మన ప్రయోగశాల తూనికల్లో ఎక్కడా కనిపించదు. ఇంకో సంగతి: "ఒక మోల్ ఆక్సిజన్" అని ఊరికే రాయకండి. పరమాణువులైతే 16 గ్రాములు, అణువులైతే 32 గ్రాములు. దేని మోల్ అన్నది పక్కన రాయని లెక్కని నేనైతే దిద్దకుండా వెనక్కి ఇస్తాను.

పద్ధతి చిన్నది. ఇచ్చిన గ్రాముల్ని మోలార్ ద్రవ్యరాశితో, అంటే ఆ పదార్థం ఒక మోల్ ఎన్ని గ్రాములో దానితో, భాగిస్తే మోల్‌లు వస్తాయి. తుల్య సమీకరణంలోని గుణకాలతో, అంటే పదార్థాల ముందున్న అంకెలతో, ఒక పదార్థం మోల్‌ల నుంచి ఇంకో పదార్థం మోల్‌లకి పోతాం. వాటిని ఆ రెండో పదార్థం మోలార్ ద్రవ్యరాశితో గుణిస్తే మళ్ళీ గ్రాములు. గుణకాలు నడిమి మెట్టులో తప్ప ఇంకెక్కడా రావు. మోలార్ ద్రవ్యరాశి కట్టేటప్పుడు సమీకరణంలోని గుణకాన్ని కూడా కలిపేసి, మళ్ళీ నడిమి మెట్టులో ఇంకోసారి వాడేవాళ్ళున్నారు. ఆ గుణకం రెండైతే జవాబు సరిగ్గా రెట్టింపో సగమో అవుతుంది. జవాబు కచ్చితంగా రెండు రెట్లు తప్పిందంటే ముందు అక్కడ వెతకండి.

మన వంటింటి గ్యాస్ సిలిండర్ తీసుకుందాం. అందులో 14.2 కిలోలుంటుంది. ప్రొపేన్, బ్యూటేన్ రెండూ కలిసి ఉంటాయి గానీ లెక్కకోసం అంతా బ్యూటేన్ అనుకుందాం. మోలార్ ద్రవ్యరాశి 58.12. 14,200ని 58.12తో భాగిస్తే 244.3 మోల్‌లు. ఒక బ్యూటేన్ కాలితే నాలుగు కార్బన్ డయాక్సైడ్, అంటే 977 మోల్‌లు. దాన్ని 44.01తో గుణిస్తే 43 కిలోలు! 14 కిలోల గ్యాస్ కాలి 43 కిలోల కార్బన్ డయాక్సైడ్ ఎలా వచ్చిందని లెక్క మీదే అనుమానం వస్తుంది. అనుమానం వస్తే మంచిదే, సరిచూసుకునే దారి ఉంది. ఒక బ్యూటేన్‌కి ఆరున్నర ఆక్సిజన్ కావాలి, అది గాలిలోంచి వచ్చిన 50.8 కిలోలు. ఐదు నీటి అణువులు వస్తాయి, అవి 22 కిలోలు. ఎడమ పక్క 14.2, 50.8 కలిపితే 65. కుడి పక్క 43, 22 కలిపితే 65. రెండు పక్కలా ద్రవ్యరాశులు కూడి చూడ్డానికి అర నిమిషం పట్టదు, పరీక్షలో ఇంతకన్నా మంచి తనిఖీ లేదు.

ఇప్పుడు అసలు చిక్కు: రెండు పదార్థాలూ ఇంతింత అని ఇచ్చినప్పుడు ఏది ముందు అయిపోతుంది? దాన్నే లిమిటింగ్ రీయేజెంట్ అంటున్నాం. 1.2 గ్రాముల మెగ్నీషియం రిబ్బన్‌ని 50 మిల్లీలీటర్ల 1 మోలార్ (లీటరుకి 1 మోల్) హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేశాం. మెగ్నీషియం 1.2ని 24.305తో భాగిస్తే 0.0494 మోల్. ఆమ్లం 0.0500 మోల్. చూడగానే మెగ్నీషియం తక్కువుంది, అదే ముందు అయిపోతుంది అనిపిస్తుంది. కాదు. ఒక మెగ్నీషియంకి రెండు ఆమ్లం కావాలి. ఒక్కోదాని మోల్‌లని దాని గుణకంతో భాగించి అప్పుడు పోల్చాలి: మెగ్నీషియం 0.0494, ఆమ్లం 0.0250. ముందు అయిపోయేది ఆమ్లమే. హైడ్రోజన్ 0.0250 మోల్ వస్తుంది, అడుగున 0.59 గ్రాముల మెగ్నీషియం మిగిలిపోతుంది. బుడగలు ఆగిపోయాక కూడా రిబ్బన్ ముక్క కనబడుతూనే ఉంటుంది. లెక్క తప్పు చేసినవాళ్ళు అది చూసి రిబ్బన్ మంచిది కాదంటారు.

ముందు అయిపోయేదాన్ని ఎంచడం పరీక్షల కోసమే కాదు. చిత్తూరు, తిరుపతి వైపు మామిడి తోటలున్న ఇళ్ళ పిల్లలు తెగుళ్ళకి కొట్టే బోర్డో మిశ్రమం కలపడం చూసే ఉంటారు. ఒక శాతం మిశ్రమానికి 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 100 లీటర్ల నీళ్ళు. రెండూ కిలో కిలో. మోల్‌ల లెక్కన ఇందులో ఏది ఎక్కువ?

మైలుతుత్తం అంటే ఐదు నీటి అణువులున్న కాపర్ సల్ఫేట్, మోలార్ ద్రవ్యరాశి 249.7. కిలోలో 4.0 మోల్‌లు. ఒక మోల్ కాపర్ సల్ఫేట్‌లోని రాగి మొత్తం హైడ్రాక్సైడ్‌గా దిగడానికి ఒక మోల్ కాల్షియం హైడ్రాక్సైడ్ చాలు. కాల్చిన సున్నం, అంటే కాల్షియం ఆక్సైడ్, మోలార్ ద్రవ్యరాశి 56.08. నాలుగు మోల్‌లకి 225 గ్రాములు. కిలో వేస్తున్నాం, అంటే నాలుగు రెట్లకు పైనే. నీళ్ళు చల్లి విరిసిన పొడి సున్నమైతే 74.09 లెక్కన 297 గ్రాములు చాలు. అసలు చర్యలో హైడ్రాక్సైడ్‌తో పాటు బేసిక్ కాపర్ సల్ఫేట్లు కూడా వస్తాయి, వాటికి సున్నం ఇంకా తక్కువే పడుతుంది.

మరి మిగతా సున్నం దండగా? కాదు. అంగట్లో దొరికే సున్నం గాలి తగిలి కొంత తిరిగి కాల్షియం కార్బొనేట్ అయిపోయి ఉంటుంది. రాళ్ళూ మట్టీ కొంత. ఉన్న మంచి సున్నం కూడా గింజ లోపల ఇరుక్కుని అంతా చర్యలోకి రాదు. సున్నం చాలక రాగి అయాన్ నీళ్ళలో మిగిలిపోతే ఆకు మాడుతుంది, లేత చిగుళ్ళయితే మరీ. మైలుతుత్తం ముందు అయిపోయి తీరాలి, అందుకే సున్నం ధారాళంగా వేస్తారు. లెక్క ఇంకో మాట కూడా చెబుతోంది: కాల్చిన సున్నంలో పనికొచ్చేది 22, 23 శాతం కంటే తగ్గితే కిలో వేసినా చాలదు. ఏళ్ళ తరబడి మూలన పడి ఉన్న మూట అలాంటిదే అయ్యుండొచ్చు.

దానికి పరీక్ష రైతులకి తెలుసు. శుభ్రంగా రుద్దిన కత్తిని కలిపిన మందులో ఒక నిమిషం ముంచి తీస్తారు. కత్తి మీద ఎర్రటి పూత కడితే ఇంకా రాగి అయాన్ మిగిలుందని అర్థం. ఇనుము కరిగి, దాని చోట రాగి దిగింది. పూత కట్టడం ఆగేదాకా సున్నపు తేట పోస్తారు. అందుకే మైలుతుత్తాన్ని ఇనుప డ్రమ్ములో కరిగించకూడదు. ప్లాస్టిక్ పాత్రలోనో మట్టి తొట్టిలోనో సగం నీళ్ళతో మైలుతుత్తం, ఇంకో దాంట్లో మిగతా సగం నీళ్ళతో వడకట్టిన సున్నం, రెంటినీ విడివిడిగా కలుపుకుని, కలియబెడుతూ మైలుతుత్తం నీళ్ళని సున్నపు నీళ్ళలోకి పోయాలి. కలిపింది ఆ రోజే కొట్టెయ్యాలి.

పదార్థం ఎంత శుద్ధం అన్న ప్రశ్న వచ్చింది గనక సున్నపురాయి లెక్క కూడా చూసేద్దాం. 100 కాల్షియం కార్బొనేట్ కాలిస్తే 56 సున్నం, 44 కార్బన్ డయాక్సైడ్. 85 శాతం శుద్ధమైన టన్ను రాయి కాలిస్తే సున్నం 850లో 56 శాతం, 476 కిలోలు. కానీ బట్టీలోంచి తీసి తూస్తే 626 కిలోలుంటుంది. కాలని మలినం 150 కిలోలు అందులోనే ఉంది మరి. "ఎంత సున్నం వస్తుంది", "బట్టీలో ఎంత మిగులుతుంది" వేరువేరు ప్రశ్నలు. ప్రశ్నపత్రాల్లో దీన్ని ఇష్టంగా తిప్పి అడుగుతారు.

తర్వాతది సీసాలో ఉన్న పదార్థమూ మీ పుస్తకంలో రాసిన ఫార్ములా ఒకటేనా అన్నది. నా లెక్కలో విద్యార్థుల మార్కుల్ని ఎక్కువ తినేది ఇదే. ఆక్సాలిక్ ఆమ్లం స్ఫటికాల్లో రెండు నీటి అణువులుంటాయి, మోలార్ ద్రవ్యరాశి 126.07. నీరు లేనిదైతే 90.03. 250 మిల్లీలీటర్ల 0.05 మోలార్ ప్రమాణ ద్రావణానికి 0.0125 మోల్ కావాలి, అంటే 1.576 గ్రాములు. 90తో గుణించి 1.125 గ్రాములు తూచారనుకోండి, మీరు 0.05 అని చీటీ అంటించిన ద్రావణం నిజానికి 0.0357 మోలార్. ఇక టైట్రేషన్‌లో, అంటే ఈ ద్రావణంతో పర్మాంగనేట్ గాఢత కనుక్కునే ప్రయోగంలో, ఏమవుతుంది? రెండు పర్మాంగనేట్‌కి ఐదు ఆక్సాలిక్ ఆమ్లం. 20 మిల్లీలీటర్ల సరైన ద్రావణానికి 0.02 మోలార్ పర్మాంగనేట్ సరిగ్గా 20 మిల్లీలీటర్లు పట్టాలి. మీకు 14.3 దగ్గరే గులాబీ రంగు నిలిచిపోతుంది. మూడుసార్లు చేసినా 14.3 వస్తుంది, రీడింగులు ముచ్చటగా కలుస్తాయి, పర్మాంగనేట్ గాఢత మాత్రం 0.028 అని తప్పుగా తేలుతుంది. రీడింగులు కలిశాయంటే చెయ్యి సరిగా ఉందనే గానీ లెక్క సరిగా ఉందని కాదు.

ఆ టైట్రేషన్‌లోనే ఇంకో మూడు తప్పులు. ఆక్సాలిక్ ఆమ్లాన్ని 60, 70 డిగ్రీలకి వేడిచేయకుండా మొదలుపెడితే రంగు పోవడానికి ఆలస్యమై, అప్పుడే అయిపోయిందని పొరబడతారు. విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లం చాలకపోతే గోధుమరంగు మాంగనీస్ డయాక్సైడ్ తేలుతుంది, రెండుకి ఐదు అన్న నిష్పత్తే పనికిరాదు. సల్ఫ్యూరిక్ బదులు హైడ్రోక్లోరిక్ పోస్తే పర్మాంగనేట్ క్లోరైడ్ మీద కూడా ఖర్చవుతుంది. ఇక ద్రావణం తయారుచేసేటప్పుడు 250 మిల్లీలీటర్ల నీళ్ళు కొలిచి అందులో వేయడం కాదు, ముందు కొంచెం నీళ్ళలో కరిగించి కుప్పె గీత దాకా నింపడం.

స్ఫటిక నీటి విషయంలో శ్రీకాళహస్తి కలంకారీలో వాడే పటికా అంతే. స్ఫటికం బరువులో 45 శాతం పైన నీరే. పెనం మీద పొంగించిన పటికని అదే తూకంతో వేస్తే అల్యూమినియం 1.84 రెట్లు పడుతుంది.

వాయువుల దగ్గర ఒక మోల్ 22.4 లీటర్లు అన్నది కంఠస్థం. అది 0 డిగ్రీలు, 1 అట్మాస్ఫియర్ దగ్గర మాట. అంతర్జాతీయ రసాయనశాస్త్ర సంస్థ ఐయూపీఏసీ 1982లో ప్రమాణ పీడనాన్ని 1 బార్ చేశాక ఎస్‌టీపీలో, అంటే ప్రమాణ ఉష్ణోగ్రత, పీడనాల దగ్గర, అది 22.7 అయింది. ప్రశ్నలో ఏది ఇచ్చారో చదివి వాడండి. తిరుపతి మే నెల మధ్యాహ్నానికి ఈ రెండూ సరిపోవు. ఇందాకటి 0.0250 మోల్ హైడ్రోజన్ 22.4 లెక్కన 560 మిల్లీలీటర్లు. 40 డిగ్రీల దగ్గర 642. నీటి మీద పట్టి, ఆ నీళ్ళు కూడా 40 డిగ్రీలుంటే, జాడీలో నీటి ఆవిరి తన వంతు 55 మిల్లీమీటర్ల పాదరస పీడనం తీసుకుంటుంది గనక 693 దాకా వస్తుంది. తిరుమల కొండ మీద పీడనం ఇక్కడికంటే తక్కువ, అక్కడ చేస్తే ఇంకా పెరుగుతుంది. 560 రాలేదని 693ని దిద్ది రికార్డులో 560 రాసుకోవద్దు, ఉష్ణోగ్రత, పీడనం పక్కన రాయండి చాలు.

అంకెల కుదింపు గురించి ఒక్క మాట: నడిమి మెట్లలో కనీసం ఒక అంకె ఎక్కువ ఉంచుకుని, ఆఖరి జవాబు దగ్గరే కుదించండి. 0.0494ని 0.05 చేశారంటే అక్కడే ఒక శాతం పోయింది.

వెళ్ళే ముందు బోర్డు మీద ఒక లెక్క రాస్తున్నాను. 5.00 గ్రాముల మైలుతుత్తం నీళ్ళలో కరిగించి 1.50 గ్రాముల ఇనుప రజను వేశారు. ఇనుము 55.85, రాగి 63.55, ఒకటికి ఒకటి. రాగి ఎంత వస్తుంది? స్ఫటిక నీటిని మరిచి 159.6తో భాగించినవాళ్ళకి ఇనుము ముందు అయిపోయినట్టు కనిపించి 1.71 గ్రాములు వస్తుంది. 249.7తో భాగించినవాళ్ళకి మైలుతుత్తమే ముందు అయిపోయి 1.27 వస్తుంది, 0.38 గ్రాముల ఇనుము మిగులుతుంది. ఇది ప్రయోగంగా చేసేటప్పుడు ఆ మిగిలిన ఇనుముని విలీన సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కరిగించి, రాగిని కడిగి, ఎక్కువ వేడి తగలకుండా ఆరబెట్టి తూచండి. తడిగా తూచినా, వేడికి నల్లబడ్డాక తూచినా 1.27 దాటుతుంది.