పేరు పోతుందన్న భయం: కన్యాశుల్కంలో ఆ ఆఖరి రాత్రి

మేనకోడలు: అందరికీ నమస్కారం. ఈ వారం మావయ్య వాళ్లింట్లో కూర్చుని రికార్డ్ చేస్తున్నాం. మధ్యలో కుక్కర్ కూతపెడితే ఏమీ అనుకోకండి, అత్తయ్య పప్పు పడేసింది. మావయ్య ముప్పై ఏళ్లు తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. కన్యాశుల్కం గురించి అడిగితే ఆపడం కష్టం.

మావయ్య: ఆపాల్సిన పనేముందే? పప్పు ఉడకడానికి ఇంకా టైముంది.

మేనకోడలు: సరే, సూటిగా అడుగుతా. ఈ నాటకం అంటే అందరికీ గిరీశం గుర్తొస్తాడు, చుట్టలూ ఇంగ్లీషు ముక్కలూ గుర్తొస్తాయి. నువ్వేమో ఇది భయం గురించి రాసిన నాటకం అంటావు.

మావయ్య: పేరు పోతుందన్న భయం గురించి. తప్పు చేయడానికి ఇందులో ఎవడూ భయపడడు. అది బయటపడుతుందంటేనే వణుకు. గురజాడ 1897లో మొదటిసారి అచ్చువేసినప్పుడు ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. విజయనగరం మహారాజా ఆనంద గజపతి విశాఖపట్నం జిల్లాలో కన్యాశుల్కం పెళ్లిళ్ల, అంటే డబ్బు తీసుకుని పిల్లనిచ్చే పెళ్లిళ్ల, లెక్క తీయించారట. మూడేళ్లలో 1034 పెళ్లిళ్లు తేలాయి. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది. ఏడాది పిల్లలు ముగ్గురు.

మేనకోడలు: ఏడాది పిల్లలా!

మావయ్య: ఏడాది పిల్లే. ధర 350 నుంచి 400 రూపాయలు. నాకు ఆ అంకె కంటే దాని పక్కనే ఆయన అన్న మాట ముఖ్యం. ఈ జాబితా పూర్తిది కాదు, డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి జనం ఇష్టపడరు అంటారు. చూశావా, పిల్లని అమ్మడానికి సిగ్గు లేదు, అమ్మానని చెప్పుకోవడానికి మాత్రం సిగ్గు. మిగతా నాటకమంతా ఆ సందులోంచే పుట్టింది.

మేనకోడలు: చదవనివాళ్ల కోసం కథ నేను చెప్పేస్తా, నువ్వు చెబితే రాత్రవుతుంది. అగ్నిహోత్రావధాన్లు తన చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇవ్వాలనుకుంటాడు. పిల్ల మేనమామ కరటక శాస్త్రి అది తప్పించడానికి తన శిష్యుడు మహేశానికి ఆడవేషం వేసి, తను గుంటూరు శాస్త్రులనని చెప్పి, ఆ కుర్రాణ్ణే లుబ్ధావధాన్లుకి కట్టబెడతాడు. పెళ్లయ్యాక 'పెళ్లికూతురు' మాయం. పిల్లని చంపేశాడని ముసలాయన మీద కేసు. అంతేనా?

మావయ్య: అంతే. ఇప్పుడు చూడు, ఆ పిల్ల అసలు పిల్లే కాదని తెలిసినవాళ్లు ఎవరు? కరటక శాస్త్రికి తెలుసు. మంచి పని కోసమే మోసం చేశాడు పాపం, కానీ నోరు విప్పితే తనే జైలుకి పోతాడు. రెండో మనిషి మధురవాణి. వేశ్య. ఆ పెళ్లి జరగడానికి సాయం చేసింది ఆవిడే.

మేనకోడలు: లుబ్ధావధాన్లు తరఫున వకీలు సౌజన్యారావు పంతులు. ఫీజు కూడా తీసుకోడు. యాంటీ నాచ్, అంటే భోగం మేళాలకి వ్యతిరేకం. వేశ్య మొహం చూడడు.

మావయ్య: ఆ రోజుల్లో అదో పెద్ద ఉద్యమం. అందులో దొంగలూ ఉన్నారు. పగలు యాంటీ నాచ్, రాత్రి ప్రో నాచ్. సొంతూళ్లో యాంటీ, పరాయి ఊళ్లో ప్రో. నాటకంలోనే ఆ ఎకసెక్కం ఉంది. సౌజన్యారావు అలాంటివాడు కాదు, నిఖార్సైనవాడు. అందుకే ఆఖరి రంగం నాకంత ఇష్టం. రాత్రివేళ మధురవాణి మగవేషంలో ఆయన గదికి వస్తుంది. ముసలాయన్ని బయటపడేసే రహస్యం మధురవాణి అనే వేశ్య దగ్గర ఉంది, కానీ ఆవిడ ప్రతిఫలం అడుగుతోంది అంటుంది. ఏమిటది? ఒక్క ముద్దు.

మేనకోడలు: అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. అవతల ఏ తప్పూ చేయని ముసలాయన ఉరికంబం ఎక్కేలా ఉన్నాడు. ఇవతల ఒక ముద్దు. దానికంత ఆలోచనా?

మావయ్య: ఆలోచిస్తాడు కాబట్టే ఆ సీను నిలబడింది. గదిలో ఎవరూ లేరు, చూసి ఊళ్లో చెప్పేవాడూ లేడు. అయినా తడబడతాడు. ఎందుకంటే ఆయన కాపాడుకుంటున్న పేరు ఊళ్లో పేరు కాదు, తన దృష్టిలో తన పేరు. అందులో నియమం ఎంతో, భయం ఎంతో ఆయనకే తెలీదు. చివరికి ఒప్పుకుంటాడు. తీరా ముందుకొచ్చేసరికి ఆవిడే ఆపేస్తుంది. చెడనివాళ్లని చెడగొట్టొద్దని మా అమ్మ చెప్పింది అంటుంది. ఆయన నియమాన్ని కాపాడింది ఎవరు మరి? ఆయన మొహం చూడనన్న మనిషే.

మేనకోడలు: బాగుంది. కానీ నాకో అనుమానం. మధురవాణికి పోయేదేముంది? పరువున్నవాళ్లకే ధైర్యం కష్టం. ఆవిడకి లోకం ముందే పేరు పెట్టేసింది, కొత్తగా పోయేది ఏముంది?

మావయ్య: చాలామంది అలాగే అంటారు, నాకది ఒప్పుదల కాదు. ఆవిడకి పేరు లేకపోవడమేమిటి? ఆ వృత్తిలో నలుగురి గుట్టూ నోట్లో దాచుకోవడమే పేరు. గుట్టు బయటపెట్టే మనిషి ఇంటికి ఎవడొస్తాడు? పైగా ఆ పెళ్లిలో తనకీ చెయ్యుంది, కేసు తన మెడకీ చుట్టుకోవచ్చు. ఇవన్నీ తెలిసే వెళ్లింది. అదీగాక గిరీశం సంగతి కూడా అక్కడే బయటపెట్టింది. వాడు సంఘసంస్కర్తనని చెప్పుకుని, బుచ్చమ్మని వితంతు వివాహం చేసుకుంటానని సౌజన్యారావుని బుట్టలో వేసుకున్నాడు.

మేనకోడలు: బుచ్చమ్మ సుబ్బి అక్క, చిన్నప్పుడే విధవైంది. గిరీశానికి సంస్కరణ ఒక విజిటింగ్ కార్డు!

మావయ్య: అదే. నిజంగా చేసినవాళ్ల పాట్లు వేరు. 1881 డిసెంబరులో వీరేశలింగం రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం చేయించినప్పుడు వెలి భయం ఎంతుందో మనకి తెలుసు. ఆ కష్టం ఒక్కటీ పడకుండా దాని పేరు మాత్రం వాడుకోవాలని చూశాడు గిరీశం. చివర్లో 'డామిట్! కథ అడ్డంగా తిరిగింది' అంటాడే, వాడికి పోయింది ఆ పేరే.

మేనకోడలు: నీతో ఒక్క చోట మాత్రం ఏకీభవించను. ఇంత చేశాక సౌజన్యారావు ఆవిడకి భగవద్గీత ఇస్తాడు. అంత పని చేసిన మనిషికి ఈయన పాఠం చెప్పడమేంటి?

మావయ్య: ఆవిడ ఊరుకుందా? శ్రీకృష్ణుడు యాంటీ నాచ్ కాడా అని అడిగింది! 1909 కూర్పు కోసం గురజాడ దీన్ని బాగా పెంచి తిరగరాశారు. అంత చెక్కిన మనిషి ఆ ప్రశ్న ఊరికే పెట్టి ఉంటారా?

మేనకోడలు: సరే, అది ఒప్పుకుంటా. అసలు నీకీ సీను మీద ఇంత పిచ్చి ఎలా పట్టింది?

మావయ్య: ఇది చెప్పొచ్చో లేదో... పదో తరగతిలో స్కూలు వార్షికోత్సవానికి ఈ రంగమే వేయించారు మా తెలుగు మాస్టారు. నా గొంతు సన్నగా ఉండేదని మధురవాణి వేషం నాకిచ్చారు. పదిహేను రోజులు బట్టీపట్టా. ఒకరోజు సాయంత్రం బెల్లం కోసం కొట్టుకెళితే, కొట్టాయన 'ఏం కావాలే మధురవాణీ' అన్నాడు. అక్కడున్న నలుగురూ నవ్వారు. ఇంటికొచ్చి దుప్పటి ముసుగేసుకున్నా. నాటకం రోజు జ్వరం అని కబురు పంపించా.

మేనకోడలు: నిజంగా జ్వరమా?

మావయ్య: జ్వరమూ లేదు, గాడిదగుడ్డూ లేదు.

మేనకోడలు: మరి నాటకం ఆపేశారా?

మావయ్య: లేదు. మాస్టారే వేశారు. యాభై ఏళ్ల మనిషి, పొడుగాటి మీసం ఉండేది. మధ్యాహ్నం మంగలిని పిలిపించి తీయించేశారట. జనం ఈలలు వేశారని, ఆయన మాత్రం ఒక్క మాట తడబడలేదని మర్నాడు పిల్లలు చెప్పారు. క్లాసుకి అలాగే వచ్చారు. ఎండకి మాడిన మొహంలో పెదవి మీద మీసం ఉన్న మేర మాత్రం తెల్లగా, చిన్న పిల్లాడి చర్మంలా ఉంది. నేను తలెత్తలేదు. హాజరు పిలుస్తూ నా పేరు దగ్గర ఆగారు. 'జ్వరం తగ్గిందిరా?' అన్నారు. తగ్గిందండీ అన్నాను. తర్వాతి పేరు పిలిచారు.